నీళ్లొచ్చే వేళ: క్వయర్‌కి నా తొలి పాట, పని డైరీ

ఏప్రిల్ 18

ఈ పని మొదటి రోజు నుంచే రాసిపెట్టుకోవాలని ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాను. పెళ్లి రిసెప్షన్లు, కాలేజీ ఫంక్షన్లు, దసరా పందిళ్లు, తిరునాళ్లు. సినిమా పాట ఏ శ్రుతిలో అడిగినా అందుకుంటాను. పాడే పిల్ల గొంతు ఆ రోజు బాగోలేకపోతే చరణం దగ్గర అరశ్రుతి దించి ఎవరికీ తెలియకుండా నడిపించేస్తాను. నాలుగు పార్టుల పాట మాత్రం, అంటే నాలుగు రకాల గొంతులు ఒకేసారి నాలుగు వరసలు పాడేది, ఇంతవరకూ ఒక్కటీ రాయలేదు.

తెనాలిలో మా ఇంటికి దగ్గరున్న చర్చిలో ఆర్గన్ వాయించే ఆయన ఊళ్లో లేని ఆదివారాలు నన్ను పిలుస్తుంటారు. మొన్న ఆరాధన అయ్యాక క్వయర్ (గాయక బృందం) నడిపే టీచరమ్మగారు ఆపారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. "బాబూ, అక్టోబర్లో కోత పండుగకి కొత్త పాట కావాలి. తెలుగులో, నాలుగు పార్టుల్లో. నువ్వు రాయి" అన్నారు.

ఆవిడ బాధ నాకు తెలుసు. వాళ్ల దగ్గర రెండు రకాల పాటలున్నాయి. ఒకటి పాత తెలుగు కీర్తనలు. అందరూ కలిసి ఒకే బాణీ ఎత్తుకుంటే గుండె నిండిపోతుంది, కానీ పార్టులుండవు. రెండోది ఇంగ్లీషు ఆంథెమ్‌లకి, అంటే క్వయర్లు పాడే చర్చి పాటలకి, తెలుగు మాటలు అతికించినవి. పార్టులు బాగుంటాయి, మాటలు ఎక్కడ పడితే అక్కడ విరిగిపోతాయి. తెలుగు మాటలోంచే పుట్టిన నాలుగు పార్టుల పాట తన క్వయర్‌తో పాడించాలని ఆవిడ ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నారట. సరేనన్నాను.

ఏప్రిల్ 24

పాటల వైపు నుంచి వచ్చి క్వయర్‌కి రాసినవాళ్లు ఎవరెవరున్నారో చూస్తున్నాను. మొదట తట్టిన పేరు బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ. రాయల్ లివర్‌పూల్ ఫిల్‌హార్మోనిక్ 150 ఏళ్ల వేడుక కోసం అడిగితే 'లివర్‌పూల్ ఒరాటోరియో' చేశాడు. ఒరాటోరియో అంటే క్వయర్, ఆర్కెస్ట్రా కలిసి చేసే పెద్ద కృతి. ఆయన నొటేషన్ రాయడు. పాడి, వాయించి వినిపిస్తుంటే కార్ల్ డేవిస్ పక్కన కూర్చుని కాగితం మీద పెట్టాడు. ఇద్దరి పేర్లూ వేసుకున్నారు. 1991 జూన్ 28న లివర్‌పూల్ కెథీడ్రల్లో తొలిసారి పాడారు. ఎనిమిది భాగాలు, గంటన్నరకి పైగా నడిచే కృతి. చిన్నప్పుడు అదే కెథీడ్రల్ క్వయర్లో చేరడానికి పరీక్షకి వెళ్తే ఆయన్ని తీసుకోలేదు. అలాంటి చోట తన పాట తను విన్న సాయంత్రం ఆ మనిషికి ఎలా ఉండి ఉంటుందో అని చాలాసేపు ఆలోచించాను.

మనవాళ్లలో ఎం.బి. శ్రీనివాసన్ ఉన్నారు. చిత్తూరులో పుట్టి, మలయాళ సినిమాలకి సంగీతం చేసి పేరు తెచ్చుకున్న మనిషి. మద్రాస్ యూత్ క్వయర్ పెట్టి మామూలు ఉద్యోగస్తులతో, విద్యార్థులతో మన భాషల్లోని పాటలు పార్టులుగా పాడించారు. 1988లో పిల్లల బృందగానం పని మీద లక్షద్వీప్ వెళ్లి అక్కడే పోయారు. చిత్తూరు మనది, అయినా ఆయన పేరు మన వైపు ఎంతమందికి తెలుసు? ఇది నాకు నిజంగా బాధగా ఉంది. ఇళయరాజా సంగతి అందరికీ తెలిసిందే. 2005లో తమిళ శివస్తోత్రాలైన తిరువాచకాన్ని బుడాపెస్ట్ ఆర్కెస్ట్రాతో, క్వయర్‌తో చేశారు.

వీళ్ల పక్కన నా పేరు పెట్టుకోవడం లేదు. దారి ఎలా ఉంటుందో ముందు నడిచినవాళ్లని చూసి తెలుసుకుంటున్నాను, అంతే.

ఏప్రిల్ 29

కాలువకి నీళ్లు ఆపేశారు. సాయంత్రం వంతెన మీద నిలబడి చూస్తే అడుగున పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. పాట దేని మీదో అప్పుడే తేలిపోయింది. కోత పండుగ అంటే పంట, పంట అంటే కృష్ణ నీళ్లు. ఈ డెల్టాకి 1855 నుంచి, అంటే బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టినప్పటినుంచి ఏటా ఇదే ఎదురుచూపు. నారుమళ్లు పోసుకోవడానికి లాకులు, అంటే కాలువ గేట్లు, ఎప్పుడెత్తుతారా అని.

మాటలు నేనే రాసుకుంటున్నాను. పెద్ద కవిత్వం అక్కర్లేదు, నాలుగు పంక్తులు చాలు.

మే 11

సినిమా అలవాటు కదా, బాణీ ముందు వచ్చేసింది. శంకరాభరణం. గమకాలు లేకుండా నిటారుగా నిలబడే రాగం కావాలి. ఇరవై మంది ఒకేసారి గమకం వేస్తే ఒకరిది ఒకరితో కలవదు. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు బాణీలకి సంస్కృతం మాటలు కూర్చి నోట్టుస్వరాలు చేసినప్పుడు కూడా శంకరాభరణంలోనే చేశారు. ఆయన నడిచిన బాట అంటే నాకు ధైర్యం. మోహన రాగం కూడా ప్రయత్నించాను. వినడానికి ఎంతో హాయి, కానీ మధ్యమం, నిషాదం లేకపోయేసరికి కార్డులు (ఒకేసారి కలిపి మోగే స్వరాలు) రెండు మూడింటి మధ్యే తిరిగాయి. నాలుగు నిమిషాల పాటకి సరిపోలేదు.

మే 26

మొదటి ప్రతి అయింది. నొటేషన్ రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌లో ఎక్కించాను. ఎఫ్ శ్రుతి, నిమిషానికి 60 బీట్ల కాలం, నాలుగేసి బీట్ల బార్లు 72. కీబోర్డులో క్వయర్ సౌండు పెట్టి హెడ్‌ఫోన్లలో విన్నాను. ఒళ్లు జలదరించింది. సొప్రానోలు (ఆడవాళ్ల పై గొంతులు) పైన ఎ స్వరం దాకా వెళ్లి అక్కడే నిలబడతారు, కింద బేస్ (మగవాళ్ల కింది గొంతులు) ఎనిమిది బార్లు ఒకే స్వరం పట్టి ఉంచుతారు. అర్ధరాత్రి రెండింటికి మా ఆవిడని లేపి వినిపించాను. "పెద్ద గుళ్లో ఉన్నట్టుంది" అంది.

జూన్ 7

మొదటి ప్రాక్టీసు. ఎనిమిది మంది సొప్రానోలు, ఏడుగురు ఆల్టోలు (ఆడవాళ్ల కింది గొంతులు), ముగ్గురు టెనార్లు (మగవాళ్ల పై గొంతులు), నలుగురు బేసులు. మొత్తం 22 మంది.

పదహారో బార్ దాకా కూడా వెళ్లలేకపోయాం. సొప్రానోలు ఎ అందుకున్నారు, మూడో బీట్‌కల్లా ఇద్దరి గొంతులు పీలగా అయిపోయాయి, మిగతావాళ్లు అరిచారు. బేస్ ఎనిమిది బార్లంటే 60 కాలంలో 32 సెకన్లు. నలుగురూ ఒక్కసారే ఊపిరి అయిపోయి ఒక్కసారే ఆగారు. పాట కింద నేల జారిపోయినట్టయింది. బేస్ పాడే రిటైర్డ్ రైల్వే గార్డు గారు నీళ్లు తాగి మళ్లీ లేచి నిలబడ్డారు, ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

అందరూ వెళ్లాక టీచరమ్మగారు అన్నారు. "బాబూ, నువ్వు వేలితో రాశావు. వేలికి ఊపిరి అక్కర్లేదు. హార్మోనియం తిత్తికైనా ఒక చెయ్యి ఊదుతూ ఉండాలి. ఇంటికెళ్లి ప్రతి పార్టూ నిలబడి నువ్వు పాడు. పాడలేనిది కొట్టెయ్."

జూన్ 8

మెకార్ట్‌నీ సంగతే మళ్లీ. లివర్‌పూల్ తర్వాత, 1997లో ఆక్స్‌ఫర్డ్ మాగ్డలెన్ కాలేజీవాళ్లు కొత్త హాలు కోసం ఒక కృతి అడిగారు. అదే 'ఎక్కె కోర్ మేయుమ్'. ఇదిగో నా హృదయం అని అర్థం. ఆ లాటిన్ మాటలు న్యూయార్క్‌లో ఒక చర్చిలో కనిపించాయట, అక్కడినుంచి తీసుకున్నాడు. మరుసటి ఏడు భార్య లిండా పోయింది, పని ఆగిపోయింది. చివరికి 2001లో ఆక్స్‌ఫర్డ్ షెల్డోనియన్ థియేటర్లో పాడారు. సగం అయ్యేసరికి పాడే పిల్లాడి గొంతు అలిసిపోయింది. మొదటి సగంలోనే అంత పని పెట్టేశానని, అది తన అనుభవలేమి అని ఆయనే చెప్పుకున్నాడు. తర్వాత మొత్తం తిరగరాశాడు. 2006 నవంబర్లో రాయల్ ఆల్బర్ట్ హాల్లో మళ్లీ పాడేదాకా ఐదేళ్లు పట్టింది. ఆ ఆల్బమ్‌కి తర్వాతి ఏడాది క్లాసికల్ బ్రిట్ అవార్డు వచ్చింది.

నేను రెండూ విన్నాను. లివర్‌పూల్ కృతిలో మంచి బాణీలున్నాయి, కానీ క్వయర్ చాలాచోట్ల బాణీకి వెనక గోడలా నిలబడుతుంది. రెండోదాంట్లో క్వయరే నడుస్తుంది. మధ్యలో లిండా కోసం రాసిన విలాపంలో ఓబో అనే ఊదే వాయిద్యం ఒక్కటే పైకి లేచే చోట నాకు కళ్లు చెమర్చాయి. మధ్యలో ఏం జరిగిందో ఇప్పుడు అర్థమవుతోంది. గొంతులు అలిసిపోవడం ఆయన కళ్లారా చూశాడు. నేను నిన్న చూశాను.

జూన్ 13

డాబా మీద నిలబడి నాలుగు పార్టులూ పాడుతున్నాను. ఆడవాళ్ల పార్టులు ఒక స్థాయి కిందికి దించుకుని. పెన్సిలు పట్టుకుని, ఊపిరి తీసుకోవాల్సి వచ్చిన ప్రతిచోటా కామా పెట్టుకుంటూ వచ్చాను. సొప్రానో పార్టులో మొదటి పేజీకే పదకొండు కామాలు వచ్చాయి, అందులో ఆరు మాట మధ్యలో పడ్డాయి. అంటే ఆ ఆరు చోట్లా నేను రాసింది తప్పు.

సొప్రానో పై హద్దు ఎ నుంచి ఎఫ్‌కి దించాను. అదీ పాట మొత్తంలో మూడుసార్లే. బేస్ ఎనిమిది బార్ల స్వరాన్ని తీసెయ్యలేదు, అది కావాలి. నలుగురికీ వంతులు పెట్టాను. ఇద్దరు పట్టి ఉంచితే ఇద్దరు ఊపిరి తీసుకుని మెల్లగా వచ్చి కలుస్తారు, బార్ గీత దగ్గర ఎవరూ తీసుకోకూడదు. పెద్ద క్వయర్లన్నీ చేసేది ఇదే. వినేవాళ్లకి ఎక్కడా తెగినట్టుండదు. కాలం 66కి పెంచాను, పాట 4 నిమిషాల 20 సెకన్లకి వచ్చింది.

జూన్ 21

రెండో ప్రాక్టీసు. ఊపిరి కుదిరింది. ఇంకో తప్పు బయటపడింది.

కీబోర్డు వాయించేవాళ్లకి ఒక అలవాటుంటుంది. చెయ్యి ఆకారం మార్చకుండా కార్డుని అలాగే పక్కకి జరిపేస్తాం. ఎఫ్ నుంచి జికి వెళ్లాలంటే వేళ్లన్నీ కలిసి ఒక మెట్టు పైకి. సినిమా పాట వెనక స్ట్రింగ్స్ అలా వేస్తే ఎవరికీ ఏమీ అనిపించదు. క్వయర్లో నాలుగు పార్టులూ ఒకేవైపు కలిసి నడిస్తే బేస్, టెనార్ ఒకదాని నీడలో ఒకటి పడిపోతాయి. సా, పా జంట అలాగే జరుగుతూ పోతే చెవికి రెండు గొంతులు వినపడవు, ఒక్కటే లావుపాటి గొంతు వినపడుతుంది. 22 మందిని నిలబెట్టి ఒక్కరి పని చేయించుకుంటున్నాను.

ఆల్టో పాడే నర్సమ్మ వచ్చి చెప్పింది. "బ్రదర్, మాకు పన్నెండు బార్లు ఒకటే స్వరం ఇచ్చారు. పక్కన సొప్రానోలు పాట పాడుతున్నారు, మేము పాడుతున్నట్టు లేదు." ఆ మాట మనసులో పడిపోయింది. ఈసారి తిరగరాసేటప్పుడు ఆల్టో పార్టు ముందు రాస్తాను. దాన్ని ఒక్కదాన్నే పాడుకున్నా పాటలా ఉండాలి. మిగతావి దాని చుట్టూ కడతాను.

జూన్ 30

రాశాను. సొప్రానో పైకి వెళ్తుంటే బేస్ కిందికి, రెండూ దూరమయ్యే చోట ఆల్టో మధ్యలో నడుస్తుంది. 41వ బార్ దగ్గర ఆల్టో ఒక్కటే కదులుతుంది, మిగతా మూడూ ఆగి ఉంటాయి. ఈ డైరీలో ఇప్పటిదాకా నాకు నచ్చిన బార్ అదే.

జూలై 5

ఇవాళ జరిగింది వివరంగా రాసుకోవాలి. తెలుగులో క్వయర్‌కి రాసేవాళ్లు ఇంకెవరికైనా పనికొస్తుంది.

మొదటి పంక్తి "నెల నుంచి ఎదురుచూపు". "నె" మీద నాలుగు బీట్లు పట్టి ఉంచాను, ఎందుకంటే బాణీ ముందు వచ్చింది, అక్కడ పెద్ద స్వరం ఉంది. ప్రాక్టీసు మధ్యలో ఇంటర్ చదివే పిల్ల ఒకతి చెయ్యెత్తింది. "అన్నా, నేల నుంచి ఎదురుచూడడం ఏంటి?"

అందరం ఆగిపోయాం. నిజమే. నెల అనే మాటలో హ్రస్వాన్ని నాలుగు బీట్లు లాగితే నేల అయిపోయింది. పైగా పాట కాలువ గురించి, చేల గురించి, అందుకని వినేవాళ్లు నేల అనే అనుకుంటారు. తెలుగులో దీర్ఘం ఒక అలంకారం కాదు, అర్థమే మారుతుంది. కల లాగితే కాల, పడు లాగితే పాడు. సినిమా పాటలోనూ హ్రస్వాలు లాగుతారు, కీర్తనలోనూ లాగుతారు. కానీ పాడేది ఒక్కరు. మాటని ముందు పొట్టిగా ముట్టుకుని, తర్వాత అకారం మీదో ఇకారం మీదో సంగతి వేస్తారు, చెవి అర్థం చేసుకుంటుంది. 22 మంది ఒక కార్డు మీద నిటారుగా నిలబడినప్పుడు ఆ వెసులుబాటు లేదు. ఎంత పొడవు పాడితే అంత పొడవే వినపడుతుంది.

ఇంటికొచ్చి పంక్తులన్నిటికీ గురులఘువులు గుర్తు పెట్టాను. పదో తరగతిలో తెలుగు మాస్టారు బోర్డు మీద యూలు, గీతలు పెట్టించినట్టే. పొడవాటి స్వరాలన్నీ దీర్ఘాల మీద పడేలా మాటలు మార్చాను. "నెల నుంచి" కాస్తా "నెల్లాళ్ల ఎదురుచూపు" అయింది. ఇప్పుడు "లా" మీద ఎంతసేపైనా ఉండొచ్చు. ఛందస్సు అని స్కూల్లో చెప్పింది సంగీతానికి ఇంత దగ్గరదని ఇరవై రెండేళ్లు వాయించాక తెలిసింది.

ఇంకోటి. ఇంగ్లీషు మాటలు చివర హల్లుతో ఆగుతాయి, ఇంగ్లీషు క్వయర్లలో ఆ చివరి "టి" అందరూ ఒకేసారి పలకడానికే బోలెడు ప్రాక్టీసు చేయిస్తారు. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఆ కష్టం లేదనుకున్నాను. కష్టం మాట మధ్యలో ఉంది, ఒత్తు దగ్గర. "లాకులెత్తిన" అనేటప్పుడు "త్తి" ముందు నాలుక అడ్డుపడి గాలి దారి ఒక్క క్షణం మూసుకుంటుంది. ఒక్కరు పాడితే అది వినపడదు. 22 మంది తలోసారి మూస్తే గచ్చు మీద కంకర పోసినట్టు వినపడింది. టీచరమ్మగారు లెక్కల మనిషి కదా, వెంటనే తేల్చారు. "మూడో బీటు సగానికి అందరూ మూయండి, నాలుగో బీటుకి తెరవండి." స్కోరులో అలాగే విడగొట్టి రాశాను. ఆ చిన్న మౌనం తర్వాత "త్తిన" అందరిదీ ఒక్కసారి పడింది. గేటు లేచినట్టే ఉంది.

జూలై 9

పార్టుల ఆడియోలు చేశాను. పెద్దవాళ్లలో ఇద్దరు ముగ్గురికి డో రే మీ కాగితం చాలు, పిల్లలకి వాట్సాప్‌లో ఆడియో కావాలి. మొదట సింథసైజర్ ఆడియో పంపుదామనుకుని మానేశాను. దాన్ని విని నేర్చుకుంటే ఊపిరి లేకుండా నేర్చుకుంటారు. నేనే పాడి పంపాను, ఊపిరి చప్పుడుతో సహా.

జూలై 17

లాకులెత్తారని పొద్దున్నే కబురు తెలిసింది. ఆర్కెస్ట్రా కుర్రాడి బండి మీద దుగ్గిరాల వైపు వెళ్లి, కాలువ ఇంకా పొడిగా ఉన్నచోట గట్టు మీద కూర్చున్నాం.

నా నాలుగో పంక్తి "కాలువ నిండా గలగల". అక్కడ సొప్రానోలకి చిన్న చిన్న స్వరాలు పరుగెత్తించాను. మొదటి నీరు గలగలమనదని ఇవాళ చూశాను. అది చప్పుడు లేకుండా వచ్చింది. ముందు ఎండుటాకులు, ప్లాస్టిక్ సంచులు, నురగ, వాటన్నిటినీ మెల్లగా తోసుకుంటూ జానెడు ఎత్తున ఒక నాలుక. పగుళ్లు కనపడ్డచోట ఆగి, పగులు నిండాక మళ్లీ కదులుతుంది. దగ్గరగా వంగి వింటే మట్టి నీళ్లు పీల్చుకునే సన్నటి సుయ్ మనే చప్పుడు. అంతే. గట్టు మీద నిలబడ్డ రైతులు కూడా ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఒక పెద్దాయన మాత్రం "నీళ్లు" అన్నాడు. ఎవరితోనో కాదు, తనలో తనే.

జూలై 18

నాలుగో పంక్తి మొత్తం కొట్టేశాను. సొప్రానోల పరుగు పోయింది. రెండు వారాల పని, అయినా బాధ లేదు. ఇప్పుడు అక్కడ బేసులు నోరు మూసుకుని కింది ఎఫ్ మీద సన్నగా మొదలుపెడతారు, టెనార్లు "నీళ్లు" అని ఒకసారి, చాలాసేపటికి ఆల్టోలు ఒకసారి. సొప్రానోలు చిట్టచివర్న వస్తారు. "నీ" దీర్ఘం, ఎంతైనా నిలబడుతుంది. "ళ్లు" దగ్గర ఉకారం ఉంది కాబట్టి దాన్ని ఎక్కడా పైస్వరం మీద పెట్టలేదు. ఉకారం మీద పై స్వరం పాడమంటే పిల్లల పెదాలు బిగుసుకుంటాయి, శ్రుతి పోతుంది.

మాటలు ఇప్పుడు ఇలా ఉన్నాయి:

నెల్లాళ్ల ఎదురుచూపు,
నెర్రెలిచ్చిన చేలు,
లాకులెత్తిన వేళ
నీళ్లు... నీళ్లు...

ఆగస్టు 2

టెనార్లలో ఒకతనికి బదిలీ అయింది. ఇద్దరే మిగిలారు. 50వ బార్ నుంచి 54 దాకా టెనార్ బేస్‌కి దగ్గరగా ఉంటే వినపడడం లేదు, పైకి జరిపాను.

ఆగస్టు 16

శ్రుతి దిగిపోతోంది. పాట మొదట్లో కీబోర్డు ఉంటుంది, 33వ బార్ దగ్గర ఆపేస్తాను, 57 దగ్గర మళ్లీ కలుస్తాను. మధ్యలో 24 బార్లు గొంతులే. ఇవాళ 57లో నేను చెయ్యి పెట్టగానే అందరి మొహాలు మారిపోయాయి. వాళ్లు దాదాపు అరశ్రుతి కింద ఉన్నారు, నేను ఉన్నచోటే ఉన్నాను.

తప్పు వాళ్లది మాత్రమే అనను. కీబోర్డులో గాంధారం (గ స్వరం) అసలైన గాంధారం కంటే కొంచెం ఎక్కువ. అరశ్రుతిని వంద భాగాలు చేస్తే 14 భాగాలు ఎక్కువ. అన్ని శ్రుతులకీ పనికొచ్చేలా సమానంగా పంచి పెట్టిన వాయిద్యం అది. కీబోర్డు ఆగిపోయాక మనుషుల గొంతులు ఒకదాన్నొకటి వింటూ గాంధారాన్ని దాని సహజమైన చోటికి దించుకుంటాయి, కార్డు మెరుస్తుంది. నిజంగా మెరుస్తుంది, ఇవాళ 36వ బార్‌లో విన్నాను. అయితే ఆ దిగిన గాంధారాన్ని పట్టుకుని సొప్రానోలు తర్వాతి స్వరానికి వెళ్తే మొత్తం శ్రుతి కూడా కొంచెం దిగుతుంది. దానికి అలసట కలుస్తుంది. ఇరవై బార్లకి అరశ్రుతి.

ఆగస్టు 23

రెండు పనులు చేశాం. కాగితం మీద ఎఫ్ అలాగే ఉంచి, ట్రాన్స్‌పోజ్ బటన్‌తో ఎఫ్ షార్ప్‌లో ఇచ్చాను. ఎఫ్‌లో ఈ బృందం గొంతులు సోమరిగా కూర్చుంటున్నాయి. అర మెట్టు పైన కాస్త మెలకువగా ఉన్నాయి, దిగడం సగానికి తగ్గింది. రెండోది, ఒకే స్వరం మళ్లీ మళ్లీ వచ్చే చోట ప్రతిసారీ మెట్టెక్కుతున్నామనుకుని పాడమన్నారు టీచరమ్మగారు. అది కూడా పనిచేసింది.

ఇంకా కొంచెం దిగుతున్నారు. 57లో నేను కలిస్తే ఆ కొంచెమే పుండులా వినపడుతుంది.

సెప్టెంబర్ 6

57 తర్వాత కీబోర్డు తీసేశాను. 33వ బార్ నుంచి చివరిదాకా గొంతులే, 40 బార్లు, రెండు నిమిషాల 25 సెకన్లు. ఆ చివరి పదహారు బార్లలో నేను రాసుకున్న వాయింపు పాట మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైనది. రాత్రి దాన్ని వేరే ఫైల్లో దాచుకున్నాను. కానీ గట్టు మీద ఆ పెద్దాయన "నీళ్లు" అన్నప్పుడు వెనక ఏ వాయిద్యమూ లేదు.

సెప్టెంబర్ 27

మూడు ప్రాక్టీసులు వరసగా పెళ్లి ప్రోగ్రాముల వల్ల పోయాయనుకున్నాను, టీచరమ్మగారు నేను లేకుండానే చేయించేశారు. ఇవాళ వెళ్లి వింటే 41వ బార్‌లో ఆల్టోలు కాగితం చూడకుండా పాడుతున్నారు. నర్సమ్మ డ్యూటీలో కూడా కూనిరాగం తీస్తున్నానని చెప్పింది.

అక్టోబర్ 18

కోత పండుగ. బలిపీఠం ముందు వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, ఎవరో తెచ్చిన రెండు కోళ్లు. పాట మా వంతు వచ్చేసరికి పదకొండున్నర.

ముప్పై రెండో బార్ చివర చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఇరవై రెండేళ్లలో స్టేజీ మీద పాట నడుస్తుండగా నా చేతులు ఖాళీగా ఉండడం ఇదే మొదలు. "లాకులె" దగ్గర అందరూ ఒక్కసారి మూశారు. ఆ అర బీటులో పైన ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. "త్తిన" పడింది. గార్డు గారి వంతు ఊపిరి వచ్చినప్పుడు ఆయన భుజాలు మెల్లగా లేవడం చూశాను, స్వరం ఎక్కడా తెగలేదు. చివరి "నీళ్లు" సొప్రానోలు అందుకున్నప్పుడు ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ, పాట తెలియకపోయినా, పెదాలు కదిపింది.

రాత్రి ఫోన్ రికార్డింగు ట్యూనర్‌తో చూశాను. చివరి కార్డు అరశ్రుతిలో ఐదో వంతు కింద ఉంది. 48 దగ్గర టెనార్లు ఇద్దరూ ఒకేసారి ఊపిరి తీసుకున్నారు, అక్కడ ఒకరికి కామా ముందుకి జరపాలి. 61లో సొప్రానో నుంచి ఆల్టోకి స్వరం అందించే చోట ఒక బీటు ఖాళీ వినపడుతోంది, దాన్ని కలిపి రాయాలి. మార్చిన పేజీలు గురువారం ప్రాక్టీసుకి 21 కాపీలు తీయించుకెళ్లాలి.